కారుకో గొంతు

ఏటిగట్టుకి రెండుచోట్ల గండి పడి, గొడ్డూ గోదా డాబాలెక్కిన వరద ఉందే, దానికి మూడో ఏడు. ఆ ఏడు ఆషాఢంలో తూముపాలెం మురుగుకాలవల ఆఫీసుకి కరెంటు కారు వచ్చింది.

తెల్ల కారు. పచ్చ నంబరు ప్లేటు. లోపల కూర్చుంటే చల్లగా ఉంటుందని చెప్పుకున్నారు. ఆఫీసు కిటికీలోంచి తీగ లాగి దానికి కరెంటు పెట్టేవారు. దానికి పెట్టినంతసేపూ ఆఫీసులో ఫ్యాన్లు తిరిగేవి కావు. గుమాస్తాలు విసనకర్రలు తెచ్చుకున్నారు.

పాత జీపుని అదే రోజు తుక్కు కింద రాసేశారు. ఆ జీపు ఆఫీసు గేటులో స్టార్టయితే నక్కలకోడు అనే మురుగుకాలవ చివర తూము దాకా వినపడేది. అబ్బో, ఇంజనీరు గారు బయల్దేరారు అనుకుని గట్ల మీద కునుకుతీసేవాళ్ళు లేచేవారు. కాలవకి అడ్డంగా వలలు కట్టినవాళ్ళు విప్పేసేవారు. జీపు వచ్చేసరికి అంతా సవ్యంగా ఉండేది. నలభై ఏళ్ళ పరిపాలన ఆ చప్పుడు మీదే నడిచింది.

నక్కలకోడు సముద్రపు పాయలో కలిసే చోట నాలుగు ఇనప తలుపుల తూము ఉంది. సముద్రం పోటు మీదున్నప్పుడు ఆ తలుపులు దించాలి, లేకపోతే ఉప్పునీరు చేలల్లోకి ఎక్కుతుంది. సముద్రం వెనక్కి తగ్గి పాటు తీసినప్పుడు ఎత్తాలి, లేకపోతే చేలల్లో నీరు దిగదు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఈ పని చేసే లస్కరు పేరు మోరు పెద్దింట్లు. ముప్పయ్యారేళ్ళుగా అదే తూము. తలుపులు తిప్పే ఇనప హ్యాండిలు అతని ఇంట్లో, మంచం పక్కన ఉండేది. చదువు మూడో తరగతి. మాట తక్కువ. సముద్రంతో పనిచేసేవాడికి చెప్పి ఒప్పించవలసిన వాళ్ళెవరూ ఉండరు కాబట్టి, ఆ అలవాటు ఊళ్ళో కూడా అలాగే నిలిచిపోయింది.

కారు పూజ రోజున పెద్దింట్లు కూడా వెళ్ళి ఒక వారగా నిలబడ్డాడు. పంతులు గారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ దిష్టి తీసి, "ముహూర్తం అయిపోతోంది, స్టార్టు చెయ్యవయ్యా" అన్నారు.

"స్టార్టయ్యే ఉందండి," అన్నాడు డ్రైవరు ఏసుపాదం.

"ఎప్పుడూ?"

"ఇందాక మీరు గంట కొట్టారు చూడండి, అప్పుడు."

పంతులు గారు చెవి ఒగ్గి విన్నారు. ఏమీ లేదు. అయినా ముహూర్తం ముహూర్తమే గనక అక్షింతలు వేసేశారు.

కొత్త కారు తీసుకున్న ప్రతి ఆఫీసూ మూడు నెలల పాటు ప్రతి శనివారం 'తొలి అనుభవముల నివేదిక' పంపాలని పైనుంచి ఆజ్ఞ. దానికి పద్నాలుగు గళ్ళ ఫారం. మొదటి శనివారం ఇంజనీరు వేమవరపు సర్వోత్తమరావు గారు ఇలా రాయించారు: "వాహనము ప్రారంభమైనదో లేదో తెలియనంత ఉన్నత ప్రమాణములతో ప్రారంభమైనది."

రెండో వారం పెద్ద ఇంజనీరు గారు తనిఖీకి వచ్చారు. గట్టు మీద తిరిగి తిరిగి, తుమ్మపొదల దగ్గర మగవాళ్ళు ఏ పనికి అటు తిరిగి నిలబడతారో ఆ పనికి అటు తిరిగి నిలబడ్డారు. ఆయన్ని ఎక్కించుకుందామని ఏసుపాదం కారు తెచ్చి వెనకాల జానెడు దూరంలో ఆపాడు. పెద్దాయన పనిలో ఉన్నారు, హారను కొడితే బాగోదని ఊరుకున్నాడు. పెద్ద ఇంజనీరు గారు పని ముగించి తిరిగారు. కళ్ళెదుట తెల్లటి మొహం, రెండు గాజుకళ్ళు. ఒక్క అడుగు వెనక్కి వేశారు. వెనకాల నక్కలకోడు.

నడుంలోతే. పెద్దింట్లు చెయ్యి ఇచ్చి పైకి లాగాడు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. పెద్ద గుమాస్తా ఉమాకాంతం ఆఫీసు వరండాలో నిలబడి చదివాడు.

"నిశ్శబ్ద వాహన జనిత ఆకస్మిక భయ నివారణ ఉత్తర్వు. ఒకటి. నిశ్శబ్ద వాహనము నిరంతర శబ్దము లేనిదే కదలరాదు. రెండు. సదరు శబ్దము ప్రజలకు చిరపరిచితమైనదై ఉండవలెను. మూడు. శబ్దము చేయు వ్యక్తి వాహనమునకు ముందు నడువవలెను. వాహనము అతనిని పది అడుగుల వెనుక అనుసరించవలెను. ఎట్టి పరిస్థితులలోను ఈ దూరము పెంచరాదు. నాలుగు. ఇందులకు అదనపు సిబ్బంది మంజూరు కాదు."

"హారను ఉంది కదండీ!" అన్నాడు ఏసుపాదం.

"హారను నీ ఇష్టం మీద మోగుతుంది. ఇంజను ఎవరి ఇష్టంతోనూ పని లేకుండా మోగుతుంది. 'నిరంతర' అన్న మాట విన్లేదూ?"

"పోనీ చప్పుడు రికార్డు చేసి మైకు పెడదామండి."

"మైకుకి టెండర్లు పిలవాలి."

"పాత జీపు ముందు నడిపిస్తే? వెనకాల కారు. చప్పుడుకి చప్పుడు."

ఉమాకాంతం జాలిగా చూశాడు. "అది జీపు కాదు ఏసుపాదం. తుక్కు. తుక్కుని నడపకూడదు."

ఉన్న సిబ్బందిలోంచే ఎవరో ఒకరు కావాలి. ఎవరు ఖాళీ? ఉమాకాంతం లెక్క తీశాడు. పెద్దింట్లు రోజుకి నాలుగుసార్లు తలుపులు తిప్పుతాడు. సారికి పావుగంట. వెరసి గంట. మిగతా ఇరవై మూడు గంటలూ ఇతనికి ప్రభుత్వం తరఫున పని లేదు.

"పెద్దింట్లూ, నిన్ను శబ్ద సహాయకుడిగా నియమించారు. సంతోషమేనా?"

"తూమో?" అన్నాడు పెద్దింట్లు.

"తూము ఎక్కడికీ పోదు. తలుపులు దించి ఉంచుదాం. ఉప్పునీరు రాదు కదా! వారానికి రెండుసార్లు మనం కారు మీద వెళ్ళినప్పుడు ఎత్తి దించుకుందాం. ఎలాగూ నువ్వు కారుతోనే ఉంటావు గనక హ్యాండిలు కారు డిక్కీలో ఉంటుంది. వాహన సామగ్రి రిజిస్టరులో ఎక్కించేశాను."

"వానలొత్తే?"

"వస్తే అప్పటి ఉత్తర్వు అప్పుడు వస్తుంది."

ఆ రోజుకి పెద్దింట్లు మాటలు అయిపోయాయి.

శబ్ద పరీక్ష ఆఫీసు ఆవరణలో జరిగింది. ఇంజనీరు గారు కుర్చీలో కూర్చున్నారు. చిరపరిచితమైన శబ్దం అంటే పాత జీపు చప్పుడేనని అప్పటికే తీర్మానం అయింది.

"కానివ్వవయ్యా," అన్నారు.

పెద్దింట్లు కారు ముందు నిలబడ్డాడు. తలపాగా సర్దుకున్నాడు. తుక్కయిన జీపు వేపు కాసేపు చూశాడు. అందులో ఒక కోడి గుడ్లు పెట్టి పొదుగుతోంది. చాలాసేపటికి అన్నాడు:

"బుర్."

ఇంజనీరు గారు కళ్ళు మూసుకుని విన్నారు. "పరిమాణం తక్కువ. కానీ విషయం ఉంది. ఏసుపాదం, తర్ఫీదు ఇయ్యి."

ఏసుపాదం ఆ జీపుని పంతొమ్మిదేళ్ళు నడిపినవాడు. పెద్దింట్లుని పక్కకి తీసుకెళ్ళి చెప్పాడు. "బాబాయ్, ఫస్టు గేరు బొడ్డు కాణ్ణుంచి రావాల. గుర్ర్‌ర్‌ర్ అని. సెకండుకొచ్చేసరికి గొంతులోకి తెచ్చెయ్యి. థర్డు గేరులో మన జీపు కొంచెం దగ్గేది, గుర్తుందా? ఆ దగ్గు మర్చిపోకు. జనం ఆ దగ్గుకే లేచేవోరు."

మూడు రోజులకి పెద్దింట్లుకి జీపు వచ్చేసింది. ముప్పయ్యారేళ్ళు విన్న చప్పుడే. అతని మొహంలో ఏ కదలికా ఉండేది కాదు. కడుపులోంచి మాత్రం జీపు వచ్చేది.

ఆఫీసు నుంచి తూముకి గట్టు మీద తొమ్మిది కిలోమీటర్లు. మొదటి ప్రయాణానికి మూడు గంటలు పట్టింది. ముందు పెద్దింట్లు గుర్రుమంటూ నడిచాడు. వెనకాల పది అడుగుల దూరంలో కారు. అందులో అద్దాలు బిగించుకుని ఇంజనీరు గారు, పక్కన రిజిస్టర్లతో ఉమాకాంతం. పెద్దింట్లు ఊపిరి కోసం ఆగితే కారు ఆగేది. దగ్గితే ఇంజనీరు గారు "థర్డు గేరు" అని తల ఊపేవారు.

గట్టు పక్క చేలో ఆడవాళ్ళు ఊడ్పులు ఊడుస్తున్నారు. ఆ చేను కౌలుకి చేస్తున్నది వరహాలమ్మ. రెండెకరాలు. పెద్దింట్లుకి వరసకి మరదలు. నారుకట్ట చేతిలో ఉండగానే నడుం నిటారు చేసింది.

"ఏం బావా! ముసలితనంలో మోటారు పెట్టించుకున్నావంట?"

పెద్దింట్లు గుర్రుమన్నాడు. ఆగడానికి లేదు.

"ఇన్నేళ్ళూ పండక్కో మాట కూడా పెగల్లేదు గదా! మా అక్క బతికున్నప్పుడు ఇందులో సగం వాగుంటే అది పాపం ఎంత సంబరపడేదో!"

"బ్రేకులున్నాయా పెద్దింట్లు మావా, చూసుకో!" అంది ఇంకో ఆవిడ. చేను చేనంతా నవ్వింది. పెద్దింట్లు సెకండు గేరులోకి వెళ్ళాడు.

తూము దగ్గర డిక్కీ తీసి హ్యాండిలు ఇచ్చారు. సంతకం పెట్టించుకుని ఇచ్చారు. అప్పటికి పాటు అయిపోయి పోటు తిరిగింది. తలుపులు ఎత్తకూడని వేళ. పెద్దింట్లు హ్యాండిలు ఒకసారి చేత్తో నిమిరి, తిరిగి డిక్కీలో పెట్టి సంతకం పెట్టాడు.

ఆ శనివారం నివేదిక: "మూడవ వారము. వాహనము తొమ్మిది కిలోమీటర్లు వెళ్ళి వచ్చుటకు అత్యల్పముగా మాత్రమే విద్యుత్తు వినియోగించినది. ఇంత పొదుపు ఏ ఇతర ఆఫీసులోను నమోదు కాలేదని తెలియజేయుటకు సంతోషించుచున్నాము."

పైవాళ్ళు కూడా సంతోషించారు. మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. వెనకాలే సందేహాలు వచ్చాయి.

మొదటి సందేహం బీడీ గురించి. శబ్ద సహాయకుడు వాహనంలో భాగం. వాహనం పొగరహితం. భాగం బీడీ తాగితే వాహనం పొగ వదిలినట్టే కదా? అవునని తేలింది. పెద్దింట్లు చేత బీడీకట్ట ఆఫీసులో జమ చేయించుకుని రసీదు ఇచ్చారు.

రెండో సందేహం ప్రసూతి ఆసుపత్రి గురించి. దాని ముందు 'శబ్దము చేయరాదు' అని బోర్డు ఉంది. శబ్దం లేనిదే కారు కదలకూడదని ఉత్తర్వు ఉంది. రెండూ ప్రభుత్వానివే. ఇంజనీరు గారు రెండు రోజులు ఆలోచించి దారి కనిపెట్టారు. ఆ బోర్డు నుంచి ఈ బోర్డు దాకా కారు ఆపేసి తోయాలి. తోసినప్పుడు అది వాహనం కాదు, సామాను. అప్పటి నుంచి ఆసుపత్రి ముందు అటెండర్లు ఇద్దరూ, లోపల తీరిగ్గా ఉన్న బాలింతల మొగుళ్ళూ కలిసి కారు తోసేవారు. ఇంజనీరు గారు దిగేవారు కాదు. సామాను దిగదు గదా!

పక్క డివిజన్ల నుంచి ఇంజనీర్లు చూడ్డానికి వచ్చారు. వాళ్ళకి శబ్ద సహాయకుడి చేత అరగంట ఉపన్యాసం ఏర్పాటు చేశారు. పెద్దింట్లుకి శాలువా కప్పి లేపారు. లేచాడు. జనాన్ని చూశాడు.

"గొంతెండుద్ది," అన్నాడు. "నీళ్ళు తాగాల."

కూర్చున్నాడు. అందరూ రాసుకున్నారు. ఇంత సూటిగా మాట్లాడిన వక్తని ఈమధ్య వినలేదని ఒకాయన లేచి మరీ చెప్పాడు. చెప్పడానికి ఆయనకి ఇరవై నిమిషాలు పట్టింది.

శ్రావణం వచ్చింది. వాన పట్టింది.

మొదటి రోజు అందరూ మంచి వాన అన్నారు. రెండో రోజు ఏమీ అనలేదు. మూడో రోజుకి నక్కలకోడు నిండి చేలల్లోకి ఎగదన్నింది. తూము తలుపులు నాలుగూ దించినవి దించినట్టే ఉన్నాయి. ఆ వారం కారు రెండుసార్లు బయల్దేరింది. రెండుసార్లూ పాటు దాటిపోయాకే చేరింది. పెద్దింట్లు తడుస్తూ వెళ్ళి, తడుస్తూ వచ్చాడు. గొంతు జీరపోయింది. మొదటిసారి వచ్చిన రాత్రి ఇంట్లో మంచం పక్కన హ్యాండిలు ఉండే చోట చెయ్యి పెట్టి తడుముకున్నాడు. అక్కడ శాలువా ఉంది.

అయిదో రోజు పొద్దున్నకి వాన తెరిపిచ్చింది. వరహాలమ్మ, ఆవిడ వెనకాల ముప్పయ్ మంది ఆడా మగా ఆఫీసుకి వచ్చారు. ఆవిడ చీర మోకాళ్ళ దాకా బురద.

"అయ్యా, ఊడ్చి పదిహేను రోజులు కాలేదు. చేను మునిగి ఇయ్యాల్టికి మూడో రోజు. రేప్పొద్దున్నకి కుళ్ళు వాసనొచ్చేద్ది. మళ్ళీ ఊడుద్దారంటే ఊరు మొత్తం మీద గుప్పెడు నారు లేదు. ఆ తలుపులెత్తించండయ్యా."

"తలుపులు ఎత్తే నిమిత్తం వాహనం బయలుదేరును," అన్నారు ఇంజనీరు గారు.

"ఎప్పుడయ్యా?"

"శబ్దం సిద్ధం కాగానే."

"గాస్ కట్టరు తెచ్చి ఆ తలుపులు కోసి పారేద్దారి!" అన్నాడు గుంపులో ఒకతను.

పెద్దింట్లు తల అడ్డంగా ఊపాడు. "ఉప్పొత్తది," అన్నాడు. అన్నట్టు పెదాలు కదిలాయి. చప్పుడు రాలేదు.

ఉమాకాంతం దగ్గరికి వచ్చాడు. "ఏదీ, ఒకసారి ఫస్టు గేరు."

పెద్దింట్లు నోరు తెరిచాడు. గాలి వచ్చింది. అంతే.

"సార్, శబ్ద భాగం చెడిపోయింది," అన్నాడు ఉమాకాంతం. "వాహన భాగం గనక మరమ్మతుకి మెకానికల్ సెక్షనుకి రాయాలి."

"ఎన్నాళ్ళకి తేలుద్దండి?" అంది వరహాలమ్మ.

"వాళ్ళు ముందు పాత భాగం అప్పజెప్పమంటారమ్మా."

గోడ గడియారం పది దాటింది. పెద్దింట్లు దాన్నీ, ఆకాశాన్నీ చూశాడు. పాటు పదింటికి తీసింది. రెండింటికి పోటు తిరుగుతుంది. ఆ నాలుగు గంటలే. అతను ఉమాకాంతం ముందుకి వచ్చి చేతులతో హ్యాండిలు తిప్పినట్టు చూపించి, చెయ్యి చాచాడు.

"హ్యాండిలా? అది వాహన సామగ్రి. వాహనంతోనే వెళ్ళాలి. విడిగా ఇస్తే రిజిస్టరు ఏం కావాలి?"

"చప్పుడేగా మీకు కావాల్సింది?" వరహాలమ్మ కొంగు నడుముకి బిగించింది. "మేం చేత్తాం చప్పుడు. ముప్పయ్ నోళ్ళున్నాయి. కారెక్కండి బాబూ!"

అది అనుమతి పొందిన శబ్దం కాదని ఉమాకాంతం అన్నాడు. గుంపు అరుగు ఎక్కింది. ఇంజనీరు గారు ఆలోచించారు. శబ్ద సహాయకుడు ముందు నడిస్తే చాలు, శబ్దం మాత్రం తాత్కాలిక ప్రాతిపదిక మీద ప్రజల నుంచి స్వీకరించవచ్చునని నోట్ రాశారు. నోట్ టైపు చేసి, సంతకమై, కాపీలు తీసేసరికి పదకొండు దాటింది.

బయల్దేరారు. ముందు పెద్దింట్లు. అతనికి అటూ ఇటూ ఆడవాళ్ళు. వాళ్ళు చేసిన చప్పుడులో ఇంజనీరు గారి తాతముత్తాతలు, ఆయన చదివిన చదువు, ఆ చదువు చెప్పినవాళ్ళు, కారు, కారుని కనిపెట్టినవాడు అందరూ వచ్చారు. లోపల అద్దాలు బిగించి ఉన్నాయి. చల్లగా ఉంది. ఇంజనీరు గారు వాళ్ళ నోళ్ళు కదలడం చూసి, "ప్రజల సహకారం బాగుంది, రాసుకో," అన్నారు. ఉమాకాంతం రాసుకున్నాడు.

కిలోమీటరు నడిచాక గట్టు మలుపు. అక్కణ్ణుంచి తూముకి గట్టు మీద ఇంకా ఎనిమిది. చేనుగట్ల మీద అడ్డంగా పడితే మూడు. చేనుగట్లు నీటిలో పాము వీపుల్లా తేలి కనపడుతున్నాయి. పెద్దింట్లు ఆగాడు. కారు ఆగింది. వెనక్కి నడిచి ఏసుపాదం పక్కనున్న అద్దం మీద వేలితో కొట్టాడు. డిక్కీ వేపు చూపించాడు.

ఏసుపాదం అద్దంలోంచి వెనక సీటుని చూశాడు. ఇంజనీరు గారు నివేదిక చదువుకుంటున్నారు. బొత్తాం నొక్కాడు. డిక్కీ చప్పుడు లేకుండా లేచింది. ఆ కారులో ఏదీ చప్పుడు చెయ్యదు గదా!

పెద్దింట్లు హ్యాండిలు తీసి భుజాన వేసుకున్నాడు. డిక్కీ మూశాడు. మళ్ళీ కారు ముందుకి వచ్చాడు. గట్టు దిగి, ఏటవాలున చేనుగట్టు మీదికి నడిచాడు. ఆడవాళ్ళు గొంతులు ఆపేసి వెనకాల పడ్డారు.

"అతను అటు వెళ్తున్నాడేమిటి?" అన్నారు ఇంజనీరు గారు.

"తూముకండి. అడ్డదారి."

"అయితే పద. పది అడుగుల దూరం దాటిపోతోంది."

"అయ్యా, అది నీళ్ళండి."

"ఉత్తర్వులో నీళ్ళకి మినహాయింపు ఉందా?"

ఉమాకాంతం కాగితం తిరగేశాడు. "లేదండి. 'ఎట్టి పరిస్థితులలోను' అని ఉంది."

"అక్కడ గుంటుందండి," అన్నాడు ఏసుపాదం. "వరదలో గండి పూడ్చినప్పుడు మనోళ్ళే మట్టి తవ్వారు. పెద్ద గుంట."

"ఆ గుంట మొన్న మార్చిలోనే పూడ్చేశాం," అన్నారు ఇంజనీరు గారు. "నేనే సంతకం పెట్టాను. పద."

ఏసుపాదం చెప్పులు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. తన పక్క అద్దం కిందికి దింపుకున్నాడు. కారు గట్టు దిగింది.

కాగితం మీద పూడ్చిన గుంట కారుని నింపాదిగా పుచ్చుకుంది.

ఇంజను రొద లేదు, పొగ లేదు. లోపల ఇంకా చల్లగానే ఉంది. అందుచేత ఉమాకాంతం ఒళ్ళో రిజిస్టర్లు తేలడం మొదలుపెట్టేదాకా ఇద్దరికీ సంగతి తెలియలేదు.

సగం దూరం వెళ్ళాక వరహాలమ్మ వెనక్కి తిరిగింది. "బావా! కారేదీ?"

పెద్దింట్లు చూశాడు. దూరంగా నీటి మీద తెల్లటి పైకప్పు. దాని మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు. ఒకాయన చేతిలో కాగితాలు పైకెత్తి పట్టుకున్నాడు. ముగ్గురని లెక్క చూసుకుని, పెద్దింట్లు ముందుకి తిరిగి నడిచాడు.

తూము చేరేసరికి పన్నెండున్నర. పాయలో నీరు బాగా దిగి ఉంది. ఇవతల కోడు తలుపుల అంచుదాకా నిండి ఉంది. హ్యాండిలు బిగించాడు. మొదటి తలుపు అతనూ వరహాలమ్మా తిప్పారు. వాడుక లేక మర తుప్పెక్కి మూలిగింది. జానెడు లేచింది. కింద నుంచి నీరు విసురుగా పాయలోకి దూకింది. రెండో తలుపు ఆడవాళ్ళు నలుగురు వంతులేసుకుని తిప్పారు. మూడోది, నాలుగోది లేచేసరికి ఒంటిగంట దాటింది. తూము కింద మాట వినపడనంత హోరు.

వరహాలమ్మ నీటి అంచున పుల్ల గుచ్చి దాని ముందు గొంతుక్కూర్చుంది. పావుగంట చూసింది.

"దిగుతుంది బావా," అంది. మొహం కొంగుతో తుడుచుకుంది. "నాలుగు వేళ్ళు దిగింది."

రెండింటికి పోటు తిరిగింది. పెద్దింట్లు తలుపులు దించాడు. ఇంటికి వెళ్ళలేదు. తూము గది అరుగు మీదే కూర్చున్నాడు, రెండో పాటు కోసం.

సాయంత్రం ఉమాకాంతం వచ్చాడు. పంచె ఇంకా తడిగానే ఉంది. మెమో ఇచ్చి, అతని ముందే చదివి వినిపించాడు.

"వాహనము గుంటలో మునుగుచున్న సమయమున శబ్ద సహాయకుడైన మీరు అందుకు తగిన మునుగు శబ్దము చేయకపోవుటచే, వాహనము మునిగిన సంగతి అందు ఆసీనులైన అధికారులకు సైతము సకాలములో తెలియలేదు. ఈ తీవ్ర నిర్లక్ష్యమునకు మిమ్ములను లస్కరు పని నుండి ఎందుకు తొలగించరాదో రేపు ఉదయము తొమ్మిది గంటల లోపు రాతపూర్వకముగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

మడిచి చేతిలో పెట్టి, ఉమాకాంతం గొంతు తగ్గించాడు. "ఏదో ఒకటి రాయి పెద్దింట్లూ. ఖాళీ కాగితం మాత్రం ఇవ్వకు. ఫైలు మూతపడాలంటే ఏదో ఒకటి ఉండాలి." పోతూ పోతూ నిట్టూర్చాడు. "శనివారం నివేదిక కూడా ఇవాళే రాసేశాం. నీటి అడుగున సైతం వాహనం ఎటువంటి శబ్దమూ, పొగా వెలువరించలేదని."

రెండో పాటుకి తలుపులు మళ్ళీ లేచాయి. తెల్లారేసరికి వరహాలమ్మ చేలో నారు కొసలు నీటిపైన తేలాయి. పచ్చగానే ఉన్నాయి. ఆవిడ ఒక మొక్క పీకి, వేరు వాసన చూసి, మళ్ళీ అక్కడే గుచ్చి, గట్టు మీద పెద్దింట్లుతో, "బతికింది," అంది.

ఆ పొద్దున్నే పెద్దింట్లు ఎనిమిదిన్నరకి ఆఫీసుకి వెళ్ళాడు. రసీదు చూపించి బీడీకట్ట విడిపించుకున్నాడు. వరండాలో కూర్చుని, మెమో వెనక్కి తిప్పి, ఉమాకాంతం పెన్ను అడిగి పుచ్చుకున్నాడు. మూడో తరగతిలో నేర్చుకున్న గుండ్రటి పెద్ద అక్షరాలతో ఒక్కొక్కటే దిద్దుతూ రాశాడు:

"బుడ బుడ బుడ బుడ. బుడుంగు. ఇట్లు, మోరు పెద్దింట్లు, లస్కరు."

ఉమాకాంతం రెండుసార్లు చదివాడు. మెమోలో అడిగిన శబ్దమే. రాతపూర్వకంగానే ఉంది. గడువులోపలే వచ్చింది. ముద్ర వేసి ఫైల్లో పెట్టాడు.

పెద్దింట్లు బీడీ వెలిగించుకున్నాడు. గోడకి ఆనించిన హ్యాండిలు భుజాన వేసుకున్నాడు. ఆ రోజు పాటు పదకొండింటికి. చేనుగట్ల మీద పడి, చప్పుడు చెయ్యకుండా నడిచి వెళ్ళాడు.